కొత్త వెర్షన్‌లో బదులు వంతు

నేను రాసిన ప్రోగ్రాం ఒక్కటే. దానికి కాపురాలు మాత్రం రెండు. ఒకటి కరీంనగర్ బైపాస్ పక్కన, ఇంకొకటి బోథ్ దగ్గర. రెండూ పత్తి జిన్నింగ్ మిల్లులే, రెండింటికీ సేటు ఒక్కడే. పత్తి బండ్లు వచ్చి మైదానంలో ఆగుతాయి. ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు అని చూసి ఒక్కో బండికి ఒక వంతు సంఖ్య ఇవ్వడం, వంతు వచ్చిన బండిని కాంటా మీదికి పిలవడం, తూకం రాసిపెట్టడం ఆ ప్రోగ్రాం పని. పేరుకు వంతుల యాప్. నా మట్టుకు నాకు అది తంతుల యాప్.

ఎందుకంటే ఇలాంటి వాటిని ఎవరూ ఉత్త చేతులతో రాయరు. వెబ్ ఫ్రేమ్‌వర్క్ అని ఒకటి ఉంటుంది. మా ఇంటి భాషలో చెప్పాలంటే అది మగ్గం. మగ్గం వాళ్లిస్తారు, బట్ట మనం నేసుకోవాలి. అయితే ఈ మగ్గం చేసేవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు, ఊరికే ఉండరు. కొన్నాళ్లకోసారి కొత్త వెర్షన్ తెస్తారు. పాతదాంట్లో కుడిచేతి కింద ఉన్నది కొత్తదాంట్లో ఎడమచేతి కిందికి పోతుంది. కొన్ని పనులు 'ఇక చెయ్యం' అని చెప్పేస్తారు. కొన్ని చెప్పకుండానే మానేస్తారు. చెప్పకుండా మానేసేవాటితోనే మా ఇంట్లో నా భోజనం వేళలు మారిపోయేవి.

కరీంనగర్ మిల్లులో కొత్త కంప్యూటరు, కొత్త వెర్షన్. బోథ్ మిల్లులో పాత కంప్యూటరు, పాత వెర్షన్. బోథ్‌ది మార్చడానికి లేదు. అక్కడి కాంటా ఆ పాత కంప్యూటరుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. అలిగిన ఆడబిడ్డ లాగా ఒక్కరితోనే మాట. కాబట్టి నేను ఏ చిన్న మార్పు చేసినా రెండు వెర్షన్ల కింద నడిపి చూడాలి. ఒకదాంట్లో నడిచింది ఇంకొకదాంట్లో కుంటుతుంది. కుంటేదానికి కట్టు కడితే, బాగా నడిచేది కూడా 'నాకూ నొప్పిగా ఉంది' అంటుంది.

మా బాపు మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. నేను లాప్‌టాప్ ముందు నడుము పట్టుకుని కూర్చున్నప్పుడు ఒకసారి చూసి అన్నాడు.

"నీది గూడ కూసుండి జేసే పనే గదరా. నడుము వోతది, కండ్లు వోతయి. గా రెండు పోవుటానికి గంత సదువెందుకు?"

జవాబు కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, నడుము పట్టుకునే.

నన్ను కన్న మా అవ్వ వేరే రకం. ఆమె అచ్చు అతికేది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. అలా అతికితే అచ్చులో మళ్లీ మొదటినుంచి పోగులు ఎక్కించే బాధ తప్పుతుంది. అవ్వ వేళ్లు పోగును చూసేవి, కళ్లు గుమ్మంలోకి ఎవరొచ్చారో చూసేవి. నా ప్రోగ్రాంలో నేను చేసింది కూడా అదే పని. పాత వెర్షన్ అయితే ఇటు పో, కొత్త వెర్షన్ అయితే అటు పో అని చోటు చోటుకూ రాసుకున్నాను. అవన్నీ ఒక ఫైల్లో పెట్టి దానికి 'అతుకులు' అని పేరు పెట్టాను. అయితే అవ్వ అతికినచోట బట్ట మీద చెయ్యి వేస్తే తెలిసేది కాదు. నేను అతికినచోట కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

ఫైలు నిండా అతుకులు, రోడ్డు నిండా గతుకులు. ఆ రెంటి మధ్య నా బతుకు. పత్తి కాలం వచ్చిందంటే కరీంనగర్‌లో బస్సెక్కడం, జగిత్యాల, కోరుట్ల నిద్రలో దాటడం, మెట్‌పల్లిలో చాయ్ కోసం మేలుకోవడం, ఆర్మూరులో బస్సు మారడం. నిర్మల్ దాటి బస్సు ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో సిగ్నల్ దిగుతుంది. ఆ కాసేపే నాకు విశ్రాంతి. సేటు ఫోన్ కూడా అప్పుడు తగలదు.

బోథ్ మిల్లు ఆఫీసు అంటే కాంటా పక్కన ఒక గది, దానికి బయటివైపు ఒక కిటికీ. ఆ కిటికీ వెనక కూర్చునే ఆమెను అందరూ కాంటక్క అంటారు. నా ఈడుదే. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, వాటి మీదనుంచి బండ్లను, వాటి కిందనుంచి కంప్యూటరును చూసేది. నేను వెళ్లిన ప్రతిసారీ ఆమె దగ్గర ఒక ఫిర్యాదు సిద్ధంగా ఉండేది. ఫిర్యాదు చేసేటప్పుడు కూడా చాయ్ తెప్పించేది కాబట్టి నేనెప్పుడూ బాధపడలేదు.

ఒకసారి నేను కరీంనగర్ వాళ్ల కోసం 'పరదా ఉందా?' అని ఒక గడి పెట్టాను. బండి మీద కప్పు ఉందో లేదో రాసుకోవడానికి. బోథ్‌లో ఆ గడి అన్ని బండ్లకూ ఖాళీగానే ఉండేది. ఏమక్కా, ఎందుకు నింపడం లేదు అని అడిగితే, ఆమె కళ్లద్దాల మీదనుంచి చూసింది.

"పరదా బండికెందుకేస్తరు సార్, పెండ్లిపిల్లా అది? ఈడ తాడ్‌పత్రి ఏస్తరు. గది అడుగుండ్రి, చెప్త."

ఒకే గుడ్డ. గోదారికి ఇటు పరదా, అటు తాడ్‌పత్రి. వెర్షన్లు ఫ్రేమ్‌వర్కులకే ఉంటాయనుకుని నేను తిరుగుతున్నాను.

తర్వాత ఒక వేసవిలో బోథ్ కాంటా ఇక పనికిరాదని తేల్చారు. కొత్త కాంటా వచ్చింది. అది కొత్త కంప్యూటరుతో చక్కగా మాట్లాడింది. నాకైతే ఇంట్లో ఎవరికో సంబంధం కుదిరినంత సంతోషమైంది. ఇక రెండుచోట్లా ఒకే వెర్షన్. అతుకుల ఫైలు తీసి అవతల పారేయొచ్చు. ఒక్కసారి రాస్తే చాలు, ఒక్కసారి చూస్తే చాలు, ఒక్కసారి తిడితే చాలు.

ఇంకో సంతోషం కూడా ఉంది. పాత కంప్యూటరు రికార్డుల్లో నాకు చాలాకాలంగా ఒక వింత కనిపించేది. ఉన్నట్టుండి రెండు బండ్లకు ఒకే వంతు సంఖ్య పడేది. కాసేపటికి దానంతట అదే సర్దుకునేది. మనిషికి ఎక్కిళ్లు వచ్చి పోయినట్టు. అది పాత వెర్షన్‌కున్న జబ్బు అనుకున్నాను. అందుకు ఏవో మందులు కూడా వేశాను, తగ్గలేదు. కరీంనగర్‌లో కొత్త వెర్షన్ కింద ఆ ఎక్కిళ్లు ఒక్కసారీ రాలేదు. ఒకే సంఖ్యను రెండు బండ్లకు ఇవ్వబోతే అది ముందే పట్టుకుని ఒప్పుకోదు. 'ఇక బోథ్‌లో కూడా ఆ జబ్బు ఉండదు' అని సేటుకు చెప్పాను. సేటు 'మంచిది' అన్నాడు. సేటుకు ఏ జబ్బైనా ఒకటే, అది పత్తికి రాకూడదు.

కాంటక్కను మాత్రం ఆ సంగతి అడగలేదు. అడగాలని తోచలేదు. యంత్రం జబ్బు గురించి మనుషులను ఎవరడుగుతారు?

పత్తి కాలం మొదలై కొత్త వెర్షన్ బోథ్‌లో నడక మొదలుపెట్టింది. మొదటి కొన్నాళ్లు దగ్గరుండి చూడమని సేటు నన్ను అక్కడికి పంపాడు. కాంటా గది మూలన నాకొక కుర్చీ వేశారు. పాత కంప్యూటరు బల్ల కింద తీగలు చుట్టుకుని కూర్చుంది. నేను బల్ల పక్కన. అంతే తేడా.

అన్నీ బాగానే జరుగుతున్నాయి. ఎండ బాగా కాస్తోంది, బండ్లు వస్తున్నాయి, బయట గోడకు పెట్టిన టీవీ బోర్డు మీద పేర్లు పైకి జరుగుతున్నాయి. పై పేరు ఎవరిదో ఆ బండినే కాంటా తూస్తుంది. వేరే బండి ఎక్కితే తూకం చూపదు. అది నా ఏర్పాటే. ఎవరూ మధ్యలో దూరకూడదని చాలా ముచ్చటపడి చేసుకున్న ఏర్పాటు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పడమటి దిక్కు నల్లబడింది. మైదానంలో మనుషులు లేచి బండ్ల మీది తాడ్‌పత్రులు సవరించుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఒకామె గబగబా కిటికీ దగ్గరికి వచ్చింది. కౌలుకు చేసుకునే మనిషని తర్వాత తెలిసింది. కిరాయి ట్రాక్టరు, ట్రాలీ నిండా విడి పత్తి, దాని మీద ఉత్త వల.

"కాంటక్కా, నా లైనెప్పుడొస్తది?"

"నీ ముంగట మస్తుగున్నయి వదినె. తాడ్‌పత్రేదీ?"

"ఉన్నదే ఒకటి. ఇంటికాడ ఇంక సగం కుప్పున్నది, దాని మీద కప్పచ్చిన. పొద్దున ఎండ జూసి ఎల్లిన గదా. నాకేమెర్క, గీ మొగులు నా ఎనుకనే వస్తదని."

కాంటక్క నావైపు చూడకుండానే, "తడిసినంక తీస్కోరు సార్. మల్ల ఇంటికి కొంచవోయి ఆరవోసుకోవాలె. ఆరినంక గూడ రంగు మారుతది," అంది. నాకు చెప్పినట్టు కాదు, మబ్బుకు చెప్పినట్టు.

ఆ ట్రాలీలో ఉన్నది ఆమె పంటలో సగం. అది షెడ్డు కిందికి పోవాలంటే కాంటా దాటాలి. కాంటా దాటాలంటే బోర్డు మీద ఆమె పేరు పైకి రావాలి.

బోర్డు మీద పైన ఉన్న పేరు ఒక ముసలాయనది. మహారాష్ట్ర పొలిమేరలో ఏదో పల్లె. తలకు తెల్లటి రుమాలు, సొంత ట్రాక్టరు, బండి మీద తాడ్‌పత్రి ఎంత పద్ధతిగా కట్టి ఉందంటే పెట్టెలో పెట్టి పంపిన సరుకులా ఉంది. అందరూ కాకా అనే పిలుస్తున్నారు. ఆయన బోర్డును చూశాడు, ఆమె ట్రాలీని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. నింపాదిగా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నా నంబరు గామెకియ్యి. గామెది నాకియ్యి."

"సరే కాకా," అని కాంటక్క కీబోర్డు దగ్గరికి లాక్కుంది. చాయ్‌లో చక్కెర తక్కువైందంటే వేసినంత తేలిగ్గా. కాకా పేరు తెరిచింది, దాంట్లో ఆమె సంఖ్య కొట్టింది, మీట నొక్కింది.

తెర ఎర్రబడింది. కాంటక్క కళ్లద్దాలు పైకి తోసుకుని గట్టిగా చదివింది.

"'ఈ వంతు సంఖ్య ఇప్పటికే వాడుకలో ఉన్నది.' సార్, వాడుకల ఉన్నదంటంది. వాడుకల ఉన్నదని నాకెర్కే. గిప్పుడు గా ఇద్దరు మార్సుకుంటున్నరు గదా, గది జెప్పుండ్రి దానికి."

ఆ వాక్యం నేనే రాసింది. రాసినప్పుడు చాలా మర్యాదగా ఉందనుకున్నాను.

"రెండు బండ్లకు ఒకటే నంబరు ఉండొద్దక్కా. అందుకే ఆపింది."

"ఎంతసేపుంటది సార్? చిటికెడు సేపు. ముందుగాల ఈయనకు గామెది ఏస్త, ఎంటనే గామెకు ఈయనది ఏస్త. ఎప్పటిసంది గిట్లనే జేస్తున్న. పాతది ఒక్కనాడు గూడ నోరెత్తలే."

బల్ల కింద పాత కంప్యూటరు నా కాలికి తగిలింది. నేను అన్నేళ్లుగా జబ్బనుకుని మందులు వేసిన ఎక్కిళ్లు ఇవన్నమాట. ఇక్కడ మబ్బు పట్టినప్పుడు, కప్పు ఉన్నవాళ్లు కప్పు లేనివాళ్లకు వంతు బదులు ఇస్తున్నారు. ఆ ఇచ్చిపుచ్చుకునే కాస్త సేపు రెండు బండ్లకు ఒకే సంఖ్య ఉంటోంది. కరీంనగర్‌లో ఎక్కిళ్లు రాకపోవడానికి కారణం కొత్త వెర్షన్ కాదు. అక్కడ ఫోన్ చేసి వేళ చూసుకుని వస్తారు. ఒకరి బండి పక్కన ఒకరు రోజంతా కూర్చునే అవసరమే లేదు.

కిటికీ బయట ఆమె తన కొంగును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వల మీద ఆ కొంగు కప్పగలిగితే కప్పేసేదే.

"ఆగక్కా," అన్నాను. "కాకాకు ముందు సున్నా వెయ్యి. అప్పుడు ఆయన నంబరు ఖాళీ అయితది. అది ఆమెకేసి, ఆమెది కాకాకెయ్యి."

కాంటక్క సున్నా కొట్టింది. తెర మళ్లీ ఎర్రబడింది. "'సున్నా చెల్లదు.' గిది గూడ మీరే రాసిండ్రా సార్?"

నేనే రాశాను. సున్నా వేసి ఎవరైనా మొదటికి దూరతారేమోనని చాలా ముందుచూపుతో రాశాను. నా ముందుచూపు ఎప్పుడూ అంతే, ముందు నన్నే చూస్తుంది.

మిగిలింది ఒకటే దారి. ఎవరూ లేని చోటికి, అంటే అందరికంటే చివరికి, కాకాను కాసేపు పంపాలి. తొమ్మిదొందల తొంభైతొమ్మిది అని ఒక సంఖ్య. అన్ని బండ్లు ఆ మైదానంలో పట్టను కూడా పట్టవు. ఆ సంగతి ఆయనకు చెప్పకుండా చేయడానికి లేదు. బోర్డు మీద అందరికీ కనిపిస్తుంది.

"కాకా, ముందు మీ పేరు అందరికన్న ఆఖరుకు పోతది. ఒక్క నిమిషం. మల్ల ఆమె జాగకు తెస్త."

కాకా రుమాలు సర్దుకున్నాడు. "నేను గామె జాగకు పోత అన్న. ఊరవతలికి పోత అనలే."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఆడ పెట్టి మర్చిపోతే?"

"మరువను కాకా."

"గీ కొత్త డబ్బ పెట్టిననాడు గూడ ఏం ఫికర్ లేదన్నవట. ఇగో, గిప్పుడు అందరం పరేషానైతున్నం."

కాంటక్క నా తరఫున మాట్లాడుతుందేమోనని చూశాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటోంది. బయట గాలి లేచింది. ట్రాలీ వలలోనుంచి పత్తి పింజలు కొన్ని ఎగిరి మైదానంలో దొర్లాయి. ఆమె వంగి ఒకటి అందుకుంది, మళ్లీ ట్రాలీలో పడేసింది.

కాకా అది చూశాడు. "సరే పెట్టు. బోర్డు మీద నా పేరు కిందికి పోతె మా ఊరోళ్లు నవ్వుతరు. నవ్వనియ్యి."

కాకా చివరికి పోయాడు. ఆమె పేరు పైకి వచ్చింది. కిరాయి ట్రాక్టరు డ్రైవరు బీడీ పారేసి ఒక్క దూకులో సీటెక్కాడు. బండి కాంటా మీదికి వచ్చింది, తూకం పడింది, కాంటక్క 'పో, పో' అని చేయి ఊపింది. ట్రాలీ షెడ్డు రేకుల కిందికి దూరుతుంటే వెనక చక్రాల మీద మొదటి చినుకులు పడ్డాయి. పైన కొంచెం తడిసిందేమో. షెడ్డులో చూసేవాడు చెయ్యి పెట్టి చూసి తలూపాడు. ఆమె కిందికి దిగి, దిగినచోటే కాసేపు కూర్చుండిపోయింది.

"ఇప్పుడు కాకాది," అన్నాను. కాంటక్క ఆయన పేరు తెరిచింది. సంఖ్య కొట్టబోయింది. కరెంటు పోయింది.

బల్ల పక్కన ఇన్వర్టరు ఒకసారి దగ్గి ఊరుకుంది. తెర నల్లబడింది. బయట బోర్డు నల్లబడింది. ఆకాశం అప్పటికే నల్లగా ఉంది. మిల్లు యంత్రాలకైతే జనరేటరు ఉంది, ఆఫీసుకు లేదు. రేకుల మీద వాన మోత మొదలైంది.

కాకా కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "కాయ్ ఝాలా, సాబ్? ఏమాయె? నేనెక్కడున్న గిప్పుడు?"

"ఆఖర్ల ఉన్నరు కాకా. కరెంటు రాంగనే తెస్త."

"అంటె ఊరవతలనే ఉన్న."

అని, ఆఫీసు గుమ్మం ముందున్న అరుగు మీద రేకుల చూరు కింద కూర్చున్నాడు. కాంటక్క చాయ్ చెప్పింది. నేను కూడా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. కంప్యూటరు లేనప్పుడు నాకు ఆ గదిలో పనేమీ ఉండదు. ఆ మాటకొస్తే ఉన్నప్పుడు కూడా నా పని అందరికీ అడ్డం పడటమే అని ఆ రోజు రుజువైంది.

చాయ్ వచ్చింది. కాకా సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ అడిగాడు. "గా డబ్బల మా పేర్లు ఉంటయా, పోతయా?"

"ఉంటయి కాకా." ఉంటాయనే నమ్మకం. కానీ సగం పనిలో కరెంటు పోయినప్పుడు ఏది రాసుకుందో ఏది వదిలేసిందో చూస్తే తప్ప చెప్పలేను. అది ఆయనకు చెప్పలేదు. అలసటకు చాలా వెర్షన్లు ఉంటాయి. నా వయసులో, వానలో, నడుము నొప్పితో, ఒక పెద్దమనిషిని గాలిలో వేలాడదీసి ఆయన పక్కనే కూర్చుని చాయ్ తాగడం వాటిలో కొత్తది.

వాన సన్నగిల్లాక కరెంటు వచ్చింది. కంప్యూటరు తన తీరికలో లేచింది. కాకా పేరు ఆ చివరి సంఖ్య దగ్గరే భద్రంగా ఉంది. దాన్ని ఆమె సంఖ్యకు మార్చాను. ఈసారి ఎర్రబడలేదు. కాకా బోర్డు ముందు నిలబడి వేలితో పేర్లు వెతుక్కుంటూ కిందికి వచ్చాడు. "ఇగో, ఊర్లకొచ్చిన," అన్నాడు.

ఊళ్లోకి వచ్చాడు కానీ ఊరి చివరకే. ముందు మస్తు బండ్లు ఉన్నాయి. మళ్లీ తూకాలు మొదలయ్యాయి.

షెడ్డులో ట్రాలీ ఖాళీ చేసుకుని కిరాయి ట్రాక్టరు బయటికి వచ్చింది. డ్రైవరు ఆగి, "పోదమా? నాకు ఇంకో కిరాయి ఉన్నది," అన్నాడు. ఆమె ట్రాక్టరెక్కలేదు. తన సంచి తీసుకుంది.

"నువ్వు వో. నేను బస్సుకొస్త."

"ఇగేం పని ఉన్నది నీకు ఈడ?"

"కాకా కాంటా కాలే గదా."

అదేదో అందరికీ తెలిసిన మాట అన్నట్టు డ్రైవరు తలాడించి వెళ్లిపోయాడు. నాకే తెలియదు. కాంటక్కను అడిగాను. ఈసారి అడిగాను.

"బదులు తీస్కున్నోళ్లు, ఇచ్చినోళ్ల కాంటా అయ్యేదాక పోరు సార్. పత్తి ఏరుటానికి బదులు పోతరు సూడు, ఒగలి చేన్ల ఒగలు, గట్లనే ఇది. ఆయన నిలవడ్డంక ఈమె ఇంటికివోయి పండుకుంటదా?"

"ఉండి ఏం చేస్తది?"

"ఏం జేస్తది. ఉంటది."

కరీంనగర్ తిరిగి వచ్చాక ప్రోగ్రాంలో 'బదులు' అని ఒక మీట పెట్టాను. ఇద్దరి పేర్లు నొక్కితే చాలు, వంతులు మారిపోతాయి. ఎవరూ ఊరవతలికి పోనక్కర్లేదు. ఆ మీట రాసి ముగించేసరికి కరీంనగర్ కంప్యూటరుకు ఇంకా కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంది. బోథ్‌ది మళ్లీ పాతదైపోయింది. రెండుచోట్లా ఒకే వెర్షన్ నడిచింది ఆ కొన్నాళ్లే. అవతల పారేసిన అతుకుల ఫైలు వెతికి తెచ్చుకున్నాను. ఆ మీట ఇప్పుడు రెండు వెర్షన్ల కింద నడుస్తుంది, రెండు కాపురాల్లోనూ కనిపిస్తుంది. కరీంనగర్‌లో దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఒకరోజు సేటు తెర మీద దాన్ని చూశాడు. "గిదేంది, ఎవలు ఒత్తుతలేరు గదా. తీసెయ్యరాదు?"

"తీస్తే బోథ్‌ల గూడ పోతది సేట్. ప్రోగ్రాం ఒక్కటే గదా."

అబద్ధం. రెండు వెర్షన్లకు వేరువేరుగా దాచడం, చూపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇన్నేళ్లలో ఈ రెండు కాపురాల గోల నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. వదులుకోబుద్ధి కాలేదు.

బోథ్‌లో ఆ వాన సాయంత్రం మాత్రం మీటా లేదు, ఏమీ లేదు. ఆమె ఆఫీసు అరుగు మీద కాకాకు అవతలి చివర కూర్చుంది. వాళ్లేమీ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకసారి ఆయన, ఇంటి దగ్గర కుప్ప మీద తాడ్‌పత్రికి రాళ్లు పెట్టావా అని అడిగాడు. పెట్టిన అంది. ఇంకోసారి ఆమె, కాకా అన్నం తిన్నవా అంది. పొద్దున తిన్న అన్నాడు. ఆమె సంచిలోంచి జొన్నరొట్టె తీసి సగం విరిచి ఇచ్చింది. నావైపు చూసి, నాకూ ఒక ముక్క విరిచింది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఆకలి ముందు మర్యాద పాత వెర్షన్.

నా బస్సు వేళైంది. వెళ్లొచ్చు నిజానికి. ఆయన పేరు దాని చోట అది ఉంది, వంతు వచ్చినప్పుడు అదే పిలుస్తుంది. అయినా ఒకసారి మాటిచ్చి ఆయన్ని ఊరు దాటించినవాడిని. లేవలేకపోయాను.

వెలుగు తగ్గేవేళకు బోర్డు మీద కాకా పేరు పైకి వచ్చింది. ఆయన లేచేలోపే ఆమె లేచింది. తాడ్‌పత్రి మధ్యలో వాననీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. ఆయన ఒక అంచు, ఆమె ఒక అంచు పట్టుకుని, కింద పత్తి మీద చుక్క పడకుండా నీళ్లను ఒక పక్కకు నడిపించి ఒంపేశారు. ఎన్నోసార్లు చేసిన పనిలా చేశారు. బండి కాంటా మీదికి వచ్చింది. తూకం పడింది. కాంటక్క "అయింది కాకా," అంది.

ఆమె కాంటా వైపు చూడలేదు. బోర్డు వైపు చూసింది. కాకా పేరు అక్కడినుంచి పోయేదాకా చూసి, అప్పుడు సంచి భుజాన వేసుకుంది.

"బస్సున్నదా సార్?" అని అడిగింది.

తెలియదన్నాను. ఇద్దరం రోడ్డు వైపు నడిచాం.